చేద వేసిన రోజు కొలత

ముందుగా నా రాతను మన్నించు. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు ఎప్పుడూ సరిగ్గా తెలియదు. ఐదో తరగతి సగంలో ఉండగా సముద్రం మీద తేలే మా బడి పంటు గాలివానకు గొలుసు తెంచుకుని కొట్టుకుపోయింది. మళ్ళీ బడి పెట్టలేదు. అక్షరాలు కూడా వంకరగా ఉంటాయి. నేను రాసేదల్లా నాచు మూటలకు కట్టే చీటీల మీద బరువు, తేదీ మాత్రమే. ఇది కూడా ఆ చీటీల వెనకే రాశాను.

నువ్వెవరో నాకు తెలియదు. ఇది పురిటి పంటు మూడో గదిలో, కిటికీ పక్క పరుపు కింద దొరికిందంటే నువ్వు నా తర్వాత అక్కడ పురుడు పోసుకున్నావని అర్థం. నాకు నోటితో చెప్పడం చేతకాదు. నలుగురిలో మాట్లాడాలంటే వెనక్కి తప్పుకుంటాను. అందుకే ఆ ఏడాది ఏ రోజుకారోజు రాసుకున్నాను. నీకు పనికివచ్చేవి మాత్రం ఇక్కడ వరసగా కుట్టాను. రోజులన్నీ పాప పుట్టినప్పటి నుంచి లెక్క.

అరవయ్యో రోజు

ఈరోజు నా చేత చేద వేయించారు. ఒకప్పుడు నేల మీద ఉన్నవాళ్ళు పురుడు తీరాక బాలింత చేత బావిలో చేద వేయించేవారట. మనకు బావి లేదు కనుక పంటు అంచున నిలబెట్టి సముద్రంలోకే వేయిస్తారు. పసుపు రాసిన చేద, కొత్త తాడు. నా చేతులు వణకడంతో చేద పైకి వచ్చేసరికి సగం నీళ్ళు ఒలికిపోయాయి. ఎవరూ పట్టించుకోలేదు.

తర్వాత కొలతల గుమాస్తా తాతారావు గారు గుండె దెబ్బలూ ఒంటి వేడీ లెక్కపెట్టే నా చేతి కడియానికి తన పలక ఆనించి కొత్త కొలత తీశారు. పెళ్ళినాటి పాత కొలత చెరిపేశారు. ఆడదానికి పురుడు పునర్జన్మ కనుక పాత మనిషి కొలత కొత్త మనిషికి పనికిరాదని పెద్దలు పెట్టిన నియమం.

"నూట నాలుగు!" అన్నారు తాతారావు గారు. "కూర్చున్న చోటనే గుండె నూట నాలుగు కొడుతోంది. ఒంట్లో వేడి చూడండి. గుర్రం లాంటి పిల్లండీ."

మా అత్త ఆదెమ్మ మురిసిపోయింది. "మా ఇంటి నీళ్ళు ఒంటబట్టాయండీ, ఆయ్" అంది అందరికీ వినబడేలా.

డెబ్బై నాలుగో రోజు

కొలత పెరిగింది కనుక పని కూడా పెంచారు. నాచు తాళ్ళ దగ్గర నాకు ఒకటిన్నర వంతు వేసింది కడియం. తాడు పురి విప్పి, సందులో నాచు మొలక పెట్టి, మళ్ళీ పురి బిగించాలి. మొలకలు నా వేళ్ళలో నిలవడం లేదు. అయినా మిగతావాళ్ళ కన్నా ముందే ముగించాను. ఒక చోట కూర్చోలేకపోతున్నాను.

రెండు గిన్నెల అంబలి తాగాను. ఒళ్ళు మాత్రం తగ్గుతోంది. రవికలు వదులయ్యాయి. అందరూ దుప్పట్లు కప్పుకున్న గాలిలో నాకు చెమటలు పడుతున్నాయి. మా ఆయన మంచినీళ్ళ బోటు మీద పని చేస్తారు. ఒడ్డుకు వెళ్ళి రావడానికి పదిహేను రోజులు పడుతుంది. నిన్న వచ్చారు. "నీ పక్కన పడుకుంటే బోటు ఇంజను పక్కన పడుకున్నట్టుంది" అన్నారు. నవ్వాను. ఆయన వెళ్ళాక ఎందుకో ఏడుపు వచ్చింది.

తొంభై ఒకటో రోజు

గుండె చెవుల్లో వినబడుతోంది. పాపను ఎత్తుకుంటే దాని తల నా గుండె దెబ్బలకు అదురుతోంది. సాయంత్రం కడియం రోజూ అడిగే ప్రశ్నే అడిగింది, బాగున్నావా అని. బాగులేదు అని నొక్కాను. నీ కొలతకు సరిగ్గా సరిపోయి ఉన్నావు, చాలా బాగున్నావు అని జవాబు వచ్చింది.

నూట ఇరవై రెండో రోజు

వారం రోజులుగా హాయిగా ఉంది. చెమటలు లేవు, వణుకు లేదు. మొలకలు చేతిలో నిలుస్తున్నాయి. కడియం అంచున మాత్రం పసుపు దీపం వెలిగింది. కొలత తగ్గుతున్నావని హెచ్చరిక.

నాకు హాయిగా ఉన్న రోజునే అది మొదటిసారి హెచ్చరించింది. దాని అర్థం నాకు తెలియడం లేదు.

నూట నలభై మూడో రోజు

చలి. మిట్టమధ్యాహ్నం కూడా రెండు దుప్పట్లు. దువ్వెన పెడితే జుట్టు పాయలుగా వస్తోంది. గొంతు బొంగురుపోయి జోలపాట రావడం లేదు. పాలు తగ్గాయి. ముఖం ఉబ్బింది. పాప ఏడుస్తుంటే వినబడుతుంది. లేవాలని తెలుస్తుంది. కాళ్ళ దాకా ఆ మాట చేరడానికి చాలాసేపు పడుతుంది.

"ఏమే పిల్లా, పగలల్లా కునికిపాట్లేనా?" అంది అత్త. "మొన్నటిదాకా పంటు అంతా నువ్వే ఊపేశావు కదే. ఆ గుర్రం ఎటు పోయింది?"

నేను దుప్పటి ఇంకొంచెం లాక్కున్నాను.

"నోరు లేదా?"

"చలేస్తోంది అత్తా."

"ఎండలో చలేంటే! నాచు మొలక్కి కూడా వెయ్యదు చలి."

అలా అంటూనే పాపను తీసుకుని వెళ్ళి మేకపాలు పట్టింది.

నూట అరవై రెండో రోజు

తాతారావు గారు వచ్చి మా తలుపు మీద నీలం గీత గీశారు. నా గుండె యాభై నాలుగు కొడుతోందట. నా కొలతలో దాదాపు సగం. మనసు బాగాలేని తల్లి అని పేరు. ముప్పయ్యో రోజున, అంటే పాపకు నూట తొంభై రెండో రోజున, పంచాయితీ కూర్చుని కడియంలో చివరి పదిహేను రోజుల సగటు చూస్తుంది. అప్పటికి పుంజుకోకపోతే పాపను పిల్లల పంటుకు మారుస్తారు. రెండేళ్ళు నిండేదాకా అక్కడే. తల్లి ఆదివారం వెళ్ళి చూసి రావచ్చు.

ఈ నియమం ఊరికే పెట్టలేదు. ఎప్పుడో ఒకావిడ బాలింతగా ఉండి బిడ్డతో సహా నీళ్ళలోకి దిగిందట. మళ్ళీ అలా జరగకూడదని పెట్టారు. తాతారావు గారు కూడా చెడ్డ మనిషి కాదు. "బాధపడకమ్మా, అక్కడ పిల్లల్ని బాగానే చూస్తారు" అన్నారు. సుద్దముక్క ఒత్తిపెట్టి గీశారు కనుక గీత లావుగా వచ్చింది.

పాపకు ముత్యం అని పేరు పెట్టాం. ఇంతవరకు రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను.

నూట డెబ్బయ్యో రోజు

సిస్టర్ సంతోషమ్మ గారు వచ్చారు. పంటులన్నిటికీ ఆవిడ ఒక్కరే నర్సు. మా వరసకు ఒకసారి వస్తే నెలన్నర ఉంటారు, మళ్ళీ ఐదారు నెలల దాకా రారు. కడియం చూడకుండా ముందు నా మెడ తడిమారు. గుటక వేయమన్నారు. మొదటి నెలల్లో ఎలా ఉండేదని అడిగారు. చెప్పడానికి సిగ్గేసి ఈ చీటీలు ఇచ్చాను. ఆవిడ మంచం మీద కూర్చుని అన్నీ చదివారు. పైన రాసిన గుర్రం మాట దగ్గర ఒకసారి ఆగారు.

"వరాలూ," అన్నారు, "నీకు మనసు పాడవలేదు. మెడలో గ్రంథి పాడైంది. థైరాయిడ్ అంటారు. ఒంటి పొయ్యి ఎంత మండాలో చెప్పేది అదే. పురుడయ్యాక కొందరికి ఆ గ్రంథి వాస్తుంది. ముందు దాచుకున్నదంతా ఒక్కసారే రక్తంలోకి కారిపోతుంది. అప్పుడే దడ, చెమట, వణుకు. తర్వాత గ్రంథి ఖాళీ. అప్పుడు ఇదిగో, ఇలా."

"మరి నా కొలత?"

"కారిపోతున్నప్పుడు తీశారు. నూట నాలుగు ఎవరి కొలతా కాదే తల్లీ. అది జబ్బు కొలత."

రక్తం తీశారు. పరీక్ష ఒడ్డు మీదే చేస్తారు. మా ఆయన బోటు మీదే సీసా పంపించాలి. జవాబు రావడానికి ఇరవై ఎనిమిది రోజులు. పంచాయితీకి ఇరవై రెండు రోజులే ఉంది. సిస్టర్ గారు తాతారావు గారి దగ్గరకు వెళ్ళి గడువు అడిగారు. తలుపు అవతల నిలబడి విన్నాను.

"కనీసం పెళ్ళినాటి కొలత చూడండి."

"చెరిపేశాం కదండీ సిస్టర్."

"చెరిపెయ్యమని ఎవడు చెప్పాడు?"

"పురుడు పునర్జన్మండీ. పాత మనిషి కొలత కొత్త మనిషికి ఎలా పెడతారు? మీరు చదువుకున్నోళ్ళు, మీకు తెలవదా?"

సిస్టర్ గారు తలుపు తీశారు. బయటికి వచ్చి నన్ను చూసి, "పడుకో పో" అన్నారు.

నూట డెబ్బై ఏడో రోజు, శుక్రవారం

శుక్రవారం తలంటు. కడియాల సందుల్లో ఉప్పు పేరుకుంటుంది కనుక ఆ ఒక్క రోజు అవి తీసి కుంకుడు రసంలో పడేస్తాం. స్నానం అయ్యాక తొడుక్కుంటే బిగుసుకుంటాయి. మళ్ళీ శుక్రవారం దాకా రావు.

అత్త నాకు తల తుడిచింది. తుండుకు అంటుకుని వచ్చిన జుట్టు చూసింది. ఉండ చుట్టి పక్కన పెట్టింది. తర్వాత గిన్నెలోంచి నా కడియం తీసి తన చేతికి తొడుక్కుంది. అది బిగుసుకుంది.

"అత్తా, అది నాది."

"తెలుసు. చెయ్యి ఇలా పెట్టు."

తన కడియం నా చేతికి వేసింది. కడియం మార్చుకోవడం ఎంత తప్పో నీకు తెలుసు. ఇద్దరినీ ఒడ్డుకు పంపేస్తారు, ఒడ్డు మీద మాకెవరూ లేరు.

"నీ మొగుడు పుట్టాక ఏడాది పాటు నేనూ లేవలేదే" అంది. "మా అత్త మొద్దు ఆదెమ్మ అని పేరు పెట్టింది. అదేం రోగమో ఎవరికీ తెలవదు. ఏడాది తిరిగాక దానంతటదే పోయింది. అప్పుడు కడియాలు లేవు, తిట్లే. ఎన్ని తిట్లు తిన్నా బిడ్డ నా ఒళ్ళోనే ఉన్నాడు." నీళ్ళు పారబోసి గిన్నె బోర్లించింది. "నేనూ నిన్ను తిట్టాననుకో. అది వేరే."

నూట ఎనభై మూడో రోజు

అత్త కుదురుగా కూర్చోవడం లేదు. ముత్యాన్ని చంకన వేసుకుని పంటు చుట్టూ తిరుగుతోంది. నిచ్చెన ఎక్కి దిగుతోంది. తన వంతు తాళ్ళు ముగించి నా వంతు కూడా పట్టుకుంటోంది. ముప్పై ఏళ్ళుగా మా వరసలో మొదటి తాడు ఆవిడదే. ఆవిడ ముడి వేస్తే తుపానుకు కూడా విడదని పేరు. అయినా యాభై ఎనిమిదేళ్ళ మనిషి. మధ్యాహ్నానికి ఆయాసం.

పక్క పంటు నుంచి ఒకావిడ అరిచింది. "ఏంటి ఆదెమ్మా, ఎవరన్నా తరుముతున్నారా?"

"యముడే! అందడం లేదు పాపం!"

నేను దుప్పటి కప్పుకుని అత్త కడియంతో పడుకున్నాను. అది అత్తను హెచ్చరిస్తోంది. గుండె నెమ్మదించింది, వేడి తగ్గింది, విశ్రాంతి తీసుకో ఆదెమ్మా అని.

నూట తొంభై రెండో రోజు

పంచాయితీలో మళ్ళీ పలక ఆనించడం ఉండదు. కడియం ఇంతకుముందే పంపిన సగటునే చదువుతారు. ఐదుగురు కూర్చున్నారు. నేను కొంగు చేతి మీదికి లాక్కుని నిలబడ్డాను. తొంభై ఆరు అని చదివారు. తాతారావు గారు స్వయంగా వచ్చి నీలం గీత తుడిచారు. ఒకసారి తుడిచిన గీతను బిడ్డ పుట్టినరోజు దాకా మళ్ళీ గీయరు.

"చూశారా," అన్నారు ఆయన సంతోషంగా, "కడియం గదమాయిస్తే గానీ మనిషి లేవదు."

ముత్యం ఆయన సుద్దముక్క లాక్కుంది.

నూట తొంభై ఎనిమిదో రోజు

రక్తం జవాబు వచ్చింది. గ్రంథి ఖాళీ అయితే పెరిగే లెక్క ఒకటి, ఐదు దాటకూడనిది యాభై రెండు ఉందట. సిస్టర్ గారు మాత్రల కోసం చీటీ రాశారు. మందుల పెట్టె తాళం గుమాస్తా దగ్గర ఉంటుంది. కడియం సాక్ష్యం లేకుండా పెట్టె తెరవరు.

"ఈ అమ్మాయికి మందెందుకండీ?" అన్నారు తాతారావు గారు. "తొంభై ఆరు కొడుతుంటే!"

"రక్తం చెబుతోంది కదా."

"రక్తం సీసాలు బోటులో మారిపోవచ్చండీ. కడియం మారదు."

సిస్టర్ గారు తిరిగి నా చేతి వైపు చూశారు. కడియం మీద గీతలు ఎక్కువ. ముప్పై ఏళ్ళ తాళ్ళ రాపిడి. ఆవిడకు అర్థమైందని నాకు తెలిసింది. చీటీ మడిచి సంచిలో పెట్టుకున్నారు.

నిజం చెబితే మందు వస్తుంది, పాప పోతుంది, అత్తనూ నన్నూ ఒడ్డుకు పంపేస్తారు. చెప్పకపోతే నేను ఇలాగే ఉంటాను. ఇలా ఉంటే పాపను ఎత్తుకోగలనో లేదో తెలియదు. నిన్న ఎత్తుకోబోయి మధ్యలో కూర్చుండిపోయాను. రెండూ రాసి చూసుకున్నాను. ఏది తక్కువో తేలలేదు.

రెండు వందల ఒకటో రోజు

అత్త పొద్దున్నే సిస్టర్ గారి దగ్గరకు వెళ్ళింది. నన్ను రావద్దంది. ఆవిడ రాసిచ్చిన చీటీతో గుమాస్తా ముందు నిలబడి, తనకు నెల రోజులుగా చలి, మగత, కాళ్ళు లేవడం లేదు అని చెప్పిందట. తాతారావు గారు పలకలో ఆదెమ్మ పేరు తీసి చూశారు. ఇరవై నాలుగు రోజులుగా గుండె యాభై మూడు. ఒంట్లో వేడి లేదు. కడియం రోజూ హెచ్చరిస్తూనే ఉంది. యాభై ఏళ్ళు దాటినవారికి రక్తం అక్కర్లేదు, కడియం సాక్ష్యమే చాలు.

ఆదెమ్మ పేరు మీద నూట ఎనభై మాత్రలు ఇచ్చారు.

ఆదెమ్మ పేరు తాళ్ళ వరసలోంచి కొట్టేశారు. చిక్కుల బల్ల దగ్గర వేశారు. పాత తాళ్ళ చిక్కులు విప్పే బల్ల అది. అక్కడ కూర్చోబెట్టిన వాళ్ళను మళ్ళీ తాళ్ళ దగ్గరకు పంపరు.

అత్త వచ్చి మాత్రల డబ్బా నా ఒళ్ళో పెట్టింది. "పరగడుపున వెయ్యాలంట, మంచినీళ్ళతో. అరగంట దాకా టీ కూడా ముట్టుకోవద్దంట. పాలిచ్చే తల్లి వేసుకోవచ్చంట, అడిగాను."

"అత్తా, బల్ల…"

"నీడ ఉంటుందిలే అక్కడ" అంది.

ఇది తర్వాత చేర్చాను: మధ్యలో శుక్రవారాలన్నీ అలాగే మార్చుకుని, ఆ శుక్రవారం తలంటుకున్నాక మాత్రం ఎవరి కడియం వాళ్ళం తొడుక్కున్నాం.

రెండు వందల నలభై ఆరో రోజు

మాత్రలు మొదలుపెట్టిన రెండు మూడు వారాలు ఏమీ తెలియలేదు. తర్వాత ఒక రోజు మధ్యాహ్నం దుప్పటి తీసేశాను. తీసేశానని సాయంత్రం గానీ గమనించలేదు. జుట్టు రాలడం ఇంకా ఆగలేదు. జోలపాట మొదటి చరణం వచ్చింది. కడియం పసుపు దీపంతోనే ఉంది. ఉండనీ.

ఇప్పుడు మొదటి తాడు నాకు ఇచ్చారు. అత్త బల్ల దగ్గర నుంచి నా ముడులు చూస్తూ ఉంటుంది. "అలా కాదే, బొటనవేలు లోపలికి!" అని అక్కడి నుంచే కేకలు. ఆవిడ చేతులు ఒళ్ళో ముడులు వేస్తూ ఉంటాయి, తాడు లేకుండానే.

మూడు వందల అరవై ఆరో రోజు

ముత్యం పుట్టినరోజు అయింది. పంచాయితీ ముందు తల్లికి కొలత మళ్ళీ తీసే రోజు. డెబ్బై రెండు.

"ఏంటమ్మా వరాలూ," అన్నారు తాతారావు గారు చిన్నబుచ్చుకుని, "నూట నాలుగు మనిషివి, ఇలా పడిపోయావేంటి?"

చిక్కుల బల్ల దగ్గర నుంచి అత్త అందుకుంది. "గుర్రం దిగి ఆవైందండీ, ఆయ్. పాలకి అదే నయం."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో ధైర్యం చేసి ఒక మాట అన్నాను. పంచాయితీ ముందు నేను అన్న మాట అదొక్కటే.

"అరవయ్యో రోజున కొలత తియ్యకండి."

"ఎందుకని?" అన్నారు తాతారావు గారు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

ఎందుకో చెప్పాలంటే నా సంగతి చెప్పాలి. నా సంగతి చెబితే కడియాల సంగతి వస్తుంది. అత్త బల్ల మీద చేతులు కదపకుండా కూర్చుంది. నేను తల వంచుకున్నాను. "సిగ్గరి పిల్ల" అని నవ్వి ఆయన పలక మూసేశారు.

అక్కడ చెప్పలేనిది నీకు రాస్తున్నాను.

చేద వేసే రోజుకు ముందు నీ ఒళ్ళు నువ్వు చూసుకో. కూర్చున్నా గుండె దడదడలాడుతుంటే, తింటున్నా ఒళ్ళు తగ్గుతుంటే, చేతులు వణుకుతుంటే, చలిలో చెమట పడితే, గుర్రంలా ఉన్నావని మురిసిపోకు. ఒంట్లో జ్వరంగా ఉందని చెప్పు. జ్వరం ఉన్న బాలింత చేత చేద వేయించరు, ఎన్నాళ్ళైనా ఆగుతారు. సిస్టర్ గారికి కబురు పంపి మెడ చూపించుకో, రక్తం తీయమను. తర్వాత నెలల్లో చలి, మగత, బరువు వస్తే నువ్వు సోమరివి కావు, పిచ్చిదానివీ కావు. చాలామందికి ఏడాది ఏడాదిన్నరలో గ్రంథి దానంతటదే సర్దుకుంటుందట. కొందరికి సర్దుకోదు, వాళ్ళు మాత్ర వేసుకుంటూనే ఉండాలి. నాకు ఏదో ఇంకా తెలియదు. సిస్టర్ గారు ఈసారి వచ్చినప్పుడు రక్తం చూసి చెబుతానన్నారు. బిడ్డను ఎత్తుకోలేని రోజు ఎవరికైనా ఇయ్యి. నీకు మా అత్త లాంటి మనిషి ఉంటే ఆవిడకు చెప్పు. తిడుతుంది, అయినా చెప్పు.

ఒక్క పని చేసి పెట్టాలి. నా ఒత్తుల తప్పులు, ఈ వంకర అక్షరాలు గుమాస్తాకు బాగా తెలుసు. రోజూ మూటల చీటీల మీద చూస్తూనే ఉంటారు. అత్త ఇంకా బల్ల దగ్గరే ఉంది. కనుక నీ చేత్తో వేరే కాగితం మీద ఇదంతా రాయి. మా పేర్లు మార్చెయ్యి. నీ తర్వాత వచ్చే మనిషి కోసం పరుపు కింద పెట్టు. తర్వాత బిడ్డకు స్నానం చేయించి సాంబ్రాణి వేసేటప్పుడు ఈ ఉత్తరం కుంపటిలో పడేసి కాల్చెయ్యి. పురిటి పంటు మీద నిప్పు ఉండేది అక్కడొక్కటే. ఏం కాలుతోందని ఎవరూ అడగరు. చీటీలు ఉప్పు గాలికి తడిసి ఉంటాయి, వెంటనే అంటుకోవు. పూర్తిగా కాలేదాకా అక్కడే కూర్చో.